టైగర్‌కి తెల్లమచ్చ

పొద్దున్న ఆరింటికి రత్నమాణిక్యం కొట్టు షట్టరు పైకి లేపింది. భీమవరంలో ఆ వీధిలో అందరికంటే ముందు తెరిచే కొట్టు ఆమెదే. రొయ్యలు, చేపలు ప్యాకింగు చేసి పంపేవాళ్ళకి కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయి. థర్మోకోల్ పెట్టెలు, ప్లాస్టిక్ ట్రేలు, నైలాను తాళ్ళు, రొయ్య తలలు తీసే షెడ్లలో ఆడవాళ్ళు తొడుక్కునే రబ్బరు గ్లౌజులు. కింద కొట్టు, పైన ఇల్లు. మూడు రోజులుగా ముసురు పట్టి, రోడ్డు మీద ఐసు బండ్లు తప్ప ఇంకేం తిరగడం లేదు.

"అమ్మగారూ, గ్లౌజులు అయిపోయాయండి," అన్నాడు బుల్లియ్య లోపలి అలమర దగ్గర్నుంచి. కొట్టు పెట్టిన దగ్గర్నుంచీ ఆమె దగ్గర పని చేస్తున్న యాభై ఏళ్ళ మనిషి అతను.

"మంగళవారమేగా కొత్త డబ్బా విప్పాం?"

"ఆయ్, విప్పామండి."

"మరి అన్నీ ఎవరు కొన్నారు?"

బుల్లియ్య తాళ్ళ చుట్టలు సర్దడం మొదలుపెట్టాడు. అవి సర్దే ఉన్నాయి.

"చివరి రెండు జతలూ అయ్యగారు పట్టికెళ్ళారండి. పోయిన్నెల్లో కూడా రెండు మూడు సార్లు పట్టికెళ్ళారండి."

కొట్లో ఏ సరుకైనా తగ్గిందంటే అమ్ముడైనా అవ్వాలి, పాడైనా అవ్వాలి, ఎవరైనా తీసైనా ఉండాలి. తీసింది ఎవరో తెలిసింది. ఎందుకు తీశాడో తెలియలేదు. స్కూటరు మీద ట్రేలు చేరవేసే మనిషికి రబ్బరు గ్లౌజులతో పనేమిటి?

ఆమె ఆలోచన తెగకముందే భర్త సత్యప్రసాద్ మెట్లు దిగి వచ్చాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయినట్టు చూస్తాడు.

"ఆకివీడు దారిలో ట్రేలు ఇవ్వాల్సినవి ఉన్నాయి మాణిక్యం. ఇచ్చేసి, పొలం కూడా ఓసారి చూసొస్తాను."

"పొలంలో ఏముందండీ చూడ్డానికి? కౌలుకిచ్చేశాంగా."

"వానలు కదా. గట్టు తెగిందేమోనని."

అతను తాళం చెవి అందుకుంటుంటే కుడి బొటనవేలి గోరు పక్కన ఆకుపచ్చ మరక కనిపించింది. చొక్కా దగ్గర థిన్నర్ వాసన కూడా వచ్చింది.

"ఏంటా రంగు?"

"ఇదా? గేటుకి వేద్దామని, ఊరికే చూశాను."

గేటు ఎదురుగానే ఉంది. నాలుగేళ్ళ తుప్పు దాని మీద అలాగే ఉంది. ఆమె గేటు వంక చూసింది, భర్త వంక చూసింది, ఏమీ అనలేదు. బేరంలో ముందు నోరు విప్పినవాడే నష్టపోతాడని ఆమెకి వ్యాపారం నేర్పింది.

ఐదేళ్ళ క్రితం వాళ్ళకి ఏడెకరాల రొయ్యల చెరువులు ఉండేవి. అన్నీ టైగర్ రొయ్యలే. జిల్లాలో అందరూ టైగర్ అని ఒక్క ముక్కలో అనేవాళ్ళు, రొయ్య అని విడిగా చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు. తొంభై మూడులో జపాన్ నుంచి సరుకు చూడ్డానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన సత్యప్రసాద్ చెరువుల గట్ల మీద నడిచి, ఇంత శుభ్రంగా సాగు చేసేవాణ్ణి చూడలేదని మెచ్చుకుని వెళ్ళాడు. ఆ మరుసటి ఏడాది తెల్లమచ్చ రోగం వచ్చింది. వారం రోజుల్లో చెరువులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. తర్వాత అయిదున్నర ఎకరాలు పోయాయి, ఆమె గాజులు పోయాయి, అతని మాట పోయింది. మనిషి పట్టుమని పది మాటలు మాట్లాడడం మానేశాడు.

అప్పుడు రత్నమాణిక్యం నడుం బిగించింది. మిగిలిన ఎకరన్నరనీ మళ్ళీ వరికి పూడ్పించింది. కొట్టు పెట్టింది. ఆ కార్తీకంలో భర్తని పట్టిసీమ తీసుకెళ్ళి, గోదాట్లో నడుంలోతు నీళ్ళలో నిలబెట్టి, దోసిట్లో నీళ్ళు పట్టించి, వీరభద్రస్వామి వైపు తిప్పి ఒక్క మాట అనిపించింది. "ఈ చేతులతో టైగర్ ముట్టను." అతను అన్నాడు. ఆమె కూడా ఒక మాట అంది. "ముట్టిన రోజున నేను మీ ఇంట్లో ఉండను." ఆనాటి నుంచి ఆ ఇంట్లో టైగర్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు మధ్యాహ్నం, సత్యప్రసాద్ తిరిగొచ్చాక, ఫోను మోగింది. కింద కొట్లో ఒక ఫోను, పైన ఇంట్లో దానికే కలిపిన ఇంకో ఫోను. ఆమె కింద తీసేసరికి పైన అప్పటికే సత్యప్రసాద్ ఎత్తాడు. పెట్టేయబోయి, ఆ మాట విని ఆగిపోయింది.

"రెండో ట్యాంకు బాగానే వచ్చిందండీ అబ్రహాము గారూ. టైగర్‌తోనే చిక్కు. తెల్లమచ్చ వచ్చేసింది."

"ఎంత మేర వచ్చిందండీ?" అవతలి గొంతు మగాడిది, వయసుమళ్ళింది.

"వీపంతానండీ. నిన్న సాయంత్రం దాకా బానే ఉంది. పొద్దున్న వెళ్ళి చూసేసరికి తెల్లగా అయిపోయింది."

"ముసురు కదా ప్రసాద్ గారూ, గాల్లో తేమకి అలాగే వస్తుంది. మీరేం చెయ్యకండి. ఆదివారం రాజమండ్రి నుంచి నేనే వస్తాను. మందు నా దగ్గరుంది."

"ఇంట్లో తెలియకూడదండీ."

"ఇంకా ఎన్నాళ్ళండీ ఈ భయం? ఎప్పటికైనా చెప్పాలి కదా ఆవిడకి."

"చెప్తే ఇంట్లో ఉండదండీ ఆవిడ."

రత్నమాణిక్యం ఫోను చప్పుడు కాకుండా పెట్టేసింది. సాగు చేసేవాళ్ళ నోట్లో చెరువూ ట్యాంకూ ఒకటే. రెండో ట్యాంకు అంటున్నాడంటే మొదటిది ఎప్పటిదో. గ్లౌజులు ఎందుకో తెలిసింది. థిన్నర్ వాసన అనుకున్నది ఏదో మందు వాసనై ఉంటుంది. రోజూ పొలానికి ఎందుకు వెళ్తున్నాడో కూడా తెలిసింది. ఒక్కటే తేలలేదు. చెరువు తవ్వాలంటే, సీడు, అంటే రొయ్య పిల్లలు, వెయ్యాలంటే డబ్బు కావాలి. ఆమె గల్లాలోంచి రూపాయి పోలేదు, బీరువాలోంచి నగ పోలేదు. పోయి ఉంటే ఆమె ఇంత భయపడేది కాదు. ఇంట్లో డబ్బు పోలేదంటే బయటివాడెవడో పెడుతున్నాడని అర్థం. ఆ పెట్టేవాడి పేరు అబ్రహాము. బయటివాడు పెట్టుబడి పెట్టాడంటే దేనిమీదో చూసుకునే పెడతాడు. మిగిలింది ఆ ఎకరన్నరే.

మరునాడు భోజనాల దగ్గర ఆమె గాలం వేసింది. అత్తగారు అచ్చాయమ్మ, ఇంజనీరింగు రెండో ఏడు చదువుతున్న కూతురు హేమశ్రీ, భర్త ముగ్గురూ పీటల మీద ఉన్నారు.

"సీడు ధర పెరిగిందటండీ," అంది చారు వడ్డిస్తూ, మామూలుగా.

సత్యప్రసాద్ చేతిలో ముద్ద ఆగింది. "ఏ సీడు?"

"మీకు తెలియని సీడేముందండీ? అదే, ఆ పేరు ఈ ఇంట్లో అనకూడదుగా."

"నాకెందుకు మాణిక్యం ఆ గొడవ?"

"మీకెందుకు? అందుకే అడుగుతున్నా."

అచ్చాయమ్మ కోడలి వంక ఓరగా చూసింది. "వాడు తినేటప్పుడు సీడు గొడవేంటమ్మాయ్? ఈ ఏడాదేగా వాడి మొహంలో కాస్త కళ వచ్చింది. మొన్న స్నానం చేస్తూ కూనిరాగం కూడా తీశాడు."

"నేనూ విన్నాను అత్తయ్యా. ఎందుకు తీస్తున్నారా అనే చూస్తున్నాను. సిగరెట్లు కూడా మానేశారు, ఎవరూ మానమనకుండానే."

"మంచిదే కదమ్మా అది?" అంది హేమశ్రీ.

"మంచికి కూడా కారణం ఉండాలే. ఊరికే ఎవరూ మారరు."

సత్యప్రసాద్ మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయాడు. ఆ లేవడమే ఆమెకి చాలిన సాక్ష్యం. ఎంగిలి కంచాలు తీసి, చెయ్యి కడుక్కుని, పెద్దాపురంలో ఉన్న అన్నయ్య బంగార్రాజుకి ఫోను చేసింది.

బంగార్రాజుకి అక్కడ సిమెంటు కొట్టుంది. సిమెంటుకన్నా తీర్పులు చెప్పడమంటే ఎక్కువ ఇష్టం. చెల్లెలు చెప్పిందంతా విని, "నేను అప్పుడే అన్నానుగా చెల్లీ, ఆ రుచి మరిగినవాడు మానడని," అన్నాడు. "ఆదివారం కారేసుకొస్తాను. ఆ భాగస్వామి కూడా పొలం దగ్గరే దొరుకుతాడు. ఇద్దర్నీ ఒకేసారి నిలబెడదాం. నిజమని తేలితే నువ్వు, పిల్ల నా కార్లోనే ఎక్కేయండి. తర్వాత సంగతి తర్వాత."

"సరే అన్నయ్యా," అంది ఆమె. ఫోను పెట్టాక ఒక సంచీలో నాలుగు చీరలు పెట్టుకుంది. ఐదోది పెట్టబోయి, కాసేపు చేత్తో పట్టుకుని నిలబడింది. అది పట్టిసీమ వెళ్ళిన రోజు కట్టుకున్న చీర. మడత విప్పకుండా దాన్ని మళ్ళీ బీరువాలోనే పెట్టేసింది.

ఆదివారం కాస్త తెరిపిచ్చింది. సత్యప్రసాద్ పొద్దున్నే స్కూటరు తీసి బస్టాండు వైపు వెళ్ళాడు. పదింటికి బంగార్రాజు అంబాసిడర్ వచ్చి ఆగింది. నా కొడుకు సంగతి నేను చూడకుండా ఎలా అని అచ్చాయమ్మ కూడా ఎక్కి కూచుంది. రత్నమాణిక్యం సంచీ డిక్కీలో పెట్టింది. హేమశ్రీ ఆ సంచీని చూసి, నానమ్మ పక్కకి వెళ్ళి కూచుంది.

పొలం గట్టు మీద కారు దిగి రత్నమాణిక్యం ముందు నీళ్ళ కోసం చూసింది. ఎకరన్నరా పచ్చగా వరి. చెరువు జాడ లేదు. పక్కవాళ్ళ పొలంలోనేమో అనుకుని అటూ చూసింది. అదీ వరే. కానీ పాత మోటారు షెడ్డు దగ్గర భర్త స్కూటరు ఉంది, షెడ్డు తలుపు లోపల్నుంచి గడియ పెట్టి ఉంది. ఆ తలుపుకి చెవి ఆనిస్తే లోపలి మాట వినిపించింది.

"మెల్లగా వెయ్యండి ప్రసాద్ గారూ. చుక్క చాలు. ఎక్కువైతే తోలు ఊడుతుంది."

బంగార్రాజు తలుపు మీద అరచేత్తో బాదాడు. "బావా! తలుపు తియ్యండి. అంతా తెలిసిపోయింది."

లోపల ఏదో గాజు వస్తువు టక్కుమంది. తలుపు కొద్దిగా తెరుచుకుంది. సత్యప్రసాద్ ఆ సందులో నిలబడి తలుపుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతులకి గ్లౌజులు ఉన్నాయి. వెనకాల చీకట్లో తెల్లటి మీసాలతో నిటారుగా ఒక ముసలాయన కనిపిస్తున్నాడు.

"తెలిసిపోయిందా?" అన్నాడు సత్యప్రసాద్. అతని మొహం పాలిపోయింది.

"తెలిసిపోయింది," అంది రత్నమాణిక్యం. "మీ నోటితో చెప్పండి. ఎన్ని ట్యాంకులు?"

"మూడు."

"మూడా! ఎన్నాళ్ళనుంచి?"

"ఏడాదిన్నర."

"అన్నీ అదేనా?"

"టైగర్ ఒకటే మాణిక్యం. మిగతా రెండూ పాంథర్‌లు."

బంగార్రాజు చెల్లెలి వైపు తిరిగాడు. "పాంథరేంటి? కొత్త రకం సీడా? మా వైపు ఇంకా రాలేదే."

"డబ్బెవరిది?" అంది ఆమె, అన్నయ్య మాట పట్టించుకోకుండా.

"మొదటిది ఊరికే వచ్చింది. మిగతా రెండూ అబ్రహాము గారి అల్లుడు ఓడలో పని చేస్తాడు, సింగపూర్‌లో కొని తెచ్చాడు. నేను సిగరెట్లు మానేసి ఆయనకి కొంచెం కొంచెం ఇచ్చాను."

"సిగరెట్లు మానేసి చెరువు తవ్వారా? ఎవరికి చెప్తారండీ?"

"చెరువేంటి?" అన్నాడు సత్యప్రసాద్.

ముసలాయన ముందుకొచ్చాడు. "ప్రసాద్ గారూ, తలుపు తీసేయండి. ఇక్కడ ఏదో తేడాగా ఉంది. నమస్కారం అమ్మా. లోపలికి రండి. ముందు చూడండి, తర్వాత తిడుదురుగాని."

సత్యప్రసాద్ తలుపు వదిలేశాడు.

షెడ్డు మధ్యలో రెండు చెక్కలు వేసి బల్ల చేశారు. దాని మీద పాత న్యూస్ పేపర్లు పరిచి, చిన్న చిన్న రంగు సీసాలు, సన్నటి బ్రష్షులు, బ్లేడు, కంసాలి పట్టకారు, జిగురు ట్యూబు. వాటి మధ్య మూడు యుద్ధ ట్యాంకులు ఉన్నాయి. ఒక్కోటి జానెడుంటుంది. రెండు ఆకుపచ్చవి. మూడోది పెద్దది, గోధుమ రంగుది. దాని వీపు మీద బూడిద చల్లినట్టు తెల్లటి మచ్చలు.

బంగార్రాజు నవ్వడం మొదలుపెట్టాడు. అతనికి నవ్వు ఆగలేదు. "ఓరి నాయనో! దీనికా చెల్లీ నన్ను పెద్దాపురం నుంచి రప్పించావు? బొమ్మలకా?"

"బొమ్మలు కావండి, మోడల్ కిట్లు," అన్నాడు అబ్రహాము గారు కొంచెం కటువుగా. "రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాళ్ళ ట్యాంకులు. దీని పేరే టైగర్. అవి పాంథర్‌లు. ఈయన రంగుల కోసం రాజమండ్రి వచ్చినప్పుడు నాకు పరిచయం. నేను మిలిటరీ వర్కుషాపులో ముప్పై ఏళ్ళు నిజం ట్యాంకులు రిపేరు చేసినవాణ్ణి. ఇంత ఓపిగ్గా చేసేవాణ్ణి చూడలేదు."

"యుద్ధం బండ్లా?" అచ్చాయమ్మ వంగి చూసింది. "మనుషుల్ని చంపేవా?"

"ఇది ఎవర్నీ చంపదు తల్లీ. దీనికి ఇంజనే లేదు."

రత్నమాణిక్యం నవ్వలేదు. ఆమె బల్ల కింద చూసింది. మూల ఉన్న గోనె ఎత్తి చూసింది. పాత మోటారు వెనక చెయ్యి పెట్టి చూసింది. పైన ఏదో చూపించి కింద ఇంకేదో దాచేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. అక్కడ సీడు సంచులు లేవు, మేత బస్తాలు లేవు. మోటారు వెనక ఒక అట్టపెట్టె మాత్రం దొరికింది. దాని మీద మంచులో పోతున్న ట్యాంకు బొమ్మ ఉంది, చుట్టూ జపాను అక్షరాలు. మూత లోపల ఒక చిన్న కార్డు అంటించి ఉంది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. చెరువు గట్ల మీద నడిచిన ఆ జపాన్ పెద్దమనిషి కార్డు.

"ఆయన ఇచ్చాడు," అన్నాడు సత్యప్రసాద్. "మీరు టైగర్లు పెంచుతారు కదా, ఇదో టైగర్ ఉంచుకోండి అని నవ్వుతూ ఇచ్చాడు. ఈ షెడ్డులోనే పడేశాను. పోయినేడాది వేసవిలో దులుపుతుంటే దొరికింది."

ఆమె పెట్టె బల్ల మీద పెట్టింది. భయం పోయిన చోట కోపం వచ్చి కూచుంది.

"ఇంతదానికి ఏడాదిన్నర అబద్ధమా? గేటు అన్నారు, గట్టు అన్నారు! డిక్కీలో నా చీరలున్నాయి తెలుసా మీకు? నా కూతుర్ని తీసుకుని ఇవ్వాళ వెళ్ళిపోయేదాన్ని! ఒక్క మాట, నేను బొమ్మలు చేసుకుంటున్నాను మాణిక్యం అని ఒక్క మాట చెప్పలేరా?"

"పేరేంటని అడిగేదానివి. ఏమని చెప్పను?"

ఆమె పెట్టె మీంచి చెయ్యి తీసేసింది.

అబ్రహాము గారు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, నాకో సందేహం. ఏడాదిన్నర నుంచి అడుగుతున్నాను, ఈయన చెప్పడు. పాంథర్‌లు రెండూ ఒట్టి చేతులతో చేశాడు. చూడండి, వేళ్ళకి ఆ రంగు మరకలు. టైగర్‌కి మాత్రం ఎప్పుడూ గ్లౌజులు. ఎక్కడైనా చక్రాలు బిగించాలంటే పట్టకారుతో. గ్లౌజులతో ఈ పని చెయ్యడం ఎంత కష్టమో తెలుసా? వేలికి ముక్క తెలియదు. చక్రాల చుట్టూ ఉండే గొలుసులో ఒక్కో లింకుకి గంట పట్టేది. చేత్తో చెయ్యండి బాబూ, పది నిమిషాల పని అంటే వినడు. ఎందుకో మీకేమైనా తెలుసా?"

షెడ్డు రేకు మీద చినుకులు మొదలయ్యాయి. రత్నమాణిక్యం భర్త చేతుల వంక చూసింది. ఆమె కొట్టు గ్లౌజులు. వేళ్ళ కొసల దగ్గర థిన్నర్‌కి కరిగి, ముడతలు పడి ఉన్నాయి.

"ఈ చేతులతో టైగర్ ముట్టను," అంది మెల్లగా. అది ఆమె అనిపించిన మాటే.

"నువ్వు రొయ్య అని అనలేదు మాణిక్యం," అన్నాడు సత్యప్రసాద్. "నేనూ అనలేదు. గోదాట్లో నిలబడి అన్న మాట. దానికి అర్థం మార్చుకోవడానికి నేనెవర్ని? ముట్టుకుంటే నువ్వు వెళ్ళిపోతావన్నావు. అందుకని ముట్టుకోలేదు. ఇప్పటిదాకా చర్మం తగల్లేదు దానికి."

బంగార్రాజు నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ గమనించలేదు. అతను జేబురుమాలు తీసి, చెమట పట్టకపోయినా మెడ తుడుచుకున్నాడు.

"అయితే అసలు చెయ్యడం ఎందుకండీ?" అంది ఆమె. గొంతులో కోపం ఉందనే ఆమె అనుకుంది. "పాంథర్‌లే చేసుకోవచ్చుగా. దీన్ని వదిలేయొచ్చుగా."

అతను ఆ పెట్టె వంక చూశాడు. ఐదేళ్ళలో ఒక్కసారిగా అన్ని మాటలు అతను మాట్లాడడం వాళ్ళు విన్నది అప్పుడే.

"ఇందులో ప్రతి ముక్కకీ నంబరుంది మాణిక్యం. ఏది ఎక్కడ అతకాలో కాగితంలో రాసి ఉంది. ఆ ప్రకారం ఓపిగ్గా చేసుకుంటూ పోతే చివరికి వస్తుంది. అంతే. చేసినదానికి చేసినంత వస్తుంది. చెరువులకీ నేను అలాగే చేశాను. నీళ్ళు చూశాను, సున్నం చల్లాను, మేత వేళకి వేశాను. ఏదీ తప్పలేదు. అయినా ఆ రోజు పొద్దున్న లేచి చూస్తే గట్టు పొడుగునా తెల్లగా తేలి ఉన్నాయి. ఎక్కడ తప్పు చేశానా అని ఇన్నేళ్ళూ వెతుక్కుంటూనే ఉన్నాను. ఒక్క టైగరైనా చివరిదాకా చేసి, బతికించి చూసుకోవాలనిపించింది. మొన్న దీనికి కూడా తెల్లమచ్చ వచ్చేసరికి…" అతను గ్లౌజు చేతి వెనకవైపుతో కళ్ళు ఒత్తుకున్నాడు. "చిన్నపిల్లాడిలా ఇక్కడే కూచుని ఏడ్చాను."

రత్నమాణిక్యం బల్ల అంచు పట్టుకుంది. చెరువులు పోయిన ఏడాది ఆమె ఎన్నో చేసింది. కొట్టు పెట్టింది, పిల్లని చదివించింది, ఇంటిని నిలబెట్టింది. భర్తని నీళ్ళలో దింపి ఒట్టు వేయించింది. ఒక్క మాట మాత్రం అనలేదు. ఊళ్ళో అందరి చెరువులూ పోయాయని ఆమెకి తెలుసు. ఆ రోగం సముద్రం అవతల్నుంచి వచ్చిందనీ తెలుసు. తెలిసీ, ఎవరి తప్పో చూడకుండా బరువంతా ఒక్క పళ్ళెంలోనే వేసి, ఐదేళ్ళు త్రాసు అలాగే పట్టుకుని నిలబడింది. అవతలి పళ్ళెంలో ఈ మనిషి చెయ్యి తగలకుండా, ఒక్కో లింకూ గంటసేపు అతుక్కుంటూ కూచున్నాడు.

"మీ తప్పు కాదండీ," అంది. అంటూంటేనే ఏడుపు వచ్చేసింది. "అది మీ తప్పు కాదు. నాకు అప్పుడే తెలుసు. అప్పుడే అనాల్సింది."

అచ్చాయమ్మ కొడుకు వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. హేమశ్రీ బయటికి వెళ్ళి, కారు డిక్కీ తీసి, అమ్మ సంచీ తీసుకొచ్చి స్కూటరుకి తగిలించింది.

"మరి ఈ మచ్చ పోతుందా?" అని కాసేపటికి రత్నమాణిక్యం అబ్రహాము గారిని అడిగింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

"పోతుందమ్మా. రంగు ఆరేటప్పుడు తేమ పట్టింది, అంతే. మందు తెచ్చాను. కానీ ఈ ముసురులో మళ్ళీ వస్తుంది."

"కొట్లో పెద్ద సైజు థర్మోకోల్ పెట్టెలున్నాయండి. పక్కన ఓ కంత పెట్టి చిన్న బల్బు దించితే లోపల వెచ్చగా ఉంటుంది, తేమ రాదు. ఈ పూటే పంపిస్తాను." తర్వాత భర్త వైపు తిరిగింది. "గ్లౌజులు మాత్రం ఇంక ఇవ్వను. కొట్లో సరుకు తగ్గిపోతోంది."

"గ్లౌజులు లేకుండా ఎలా మాణిక్యం?"

"చెప్తాను. కార్తీకం మొదటి సోమవారం దాకా ఆగండి."

ఆ సోమవారం వాళ్ళిద్దరూ పట్టిసీమ వెళ్ళారు. రేవులో పడవ కోసం నిలబడ్డ జనంలో రత్నమాణిక్యం చేతుల్లో తెల్లటి థర్మోకోల్ పెట్టె ఉంది. ఐసు రొయ్యలనుకుని పక్కావిడ దూరం జరిగింది. అవతల దిగాక ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఈసారి తనే నడుంలోతు నీళ్ళలో దిగింది. దోసిలి పట్టింది.

"స్వామీ, అప్పుడు మాట సరిగ్గా చెప్పించలేదు. సరుకు పేరు పూర్తిగా చెప్పాలి, అది నాకు తెలిసుండాల్సింది. ఆయన టైగర్ రొయ్య ముట్టరు. రొయ్య. ఇంక దేన్నైనా ముట్టుకోవచ్చు."

నీళ్ళు వదిలేసి ఒడ్డుకొచ్చింది. తడి చేతులు పైటకి తుడుచుకుని, పెట్టె మూత తీసి, టైగర్‌ని పైకెత్తింది. వీపు మీద మచ్చలు పోయి, ఎండకి గోధుమ రంగు మెరుస్తోంది. చక్రాలు ఒక్కోటీ తిరుగుతున్నాయి. ఆమె దాన్ని భర్త అరచేతిలో పెట్టింది.

అతను ఒక క్షణం చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. ఆమె కింద నుంచి తన చెయ్యి అడ్డం పెట్టి పట్టుకుంది. అప్పుడు అతని బొటనవేలు, గోరు పక్కన ఇంకా ఆకుపచ్చ మరక పోని వేలు, మెల్లగా కదిలింది. గొలుసు మీద ఒక లింకు, ఇంకో లింకు, ఇంకో లింకు. అన్నీ తానే అతికినవి. మొదటిసారి తగులుతున్నాయి.

"గరుగ్గా ఉంది మాణిక్యం," అన్నాడు.